డాక్టర్ ఇంట్ల లేడు

జనవరి 20, 1986

ఈ డైరీ మందుల కంపెనీ అతను మా ఆయనకిచ్చింది. అట్ట మీద దగ్గు మందు సీసా బొమ్మ. "నాకు చీటీలు రాసుడుకే చెయ్యి నొస్తది, నువ్వే రాస్కో" అన్నాడు ఆయన. సరే, రాసుకుంటాను. ఈ ఎర్రచెలమలో మనసు విప్పి మాట్లాడుకోవడానికి ఒక్క మనిషి లేదు. ఉన్న ఒక్క మొగుడితో మాట్లాడదామంటే తెల్లారకముందే ఎవరో ఒకరు చెయ్యి చాపుకొని అరుగు మీద కూర్చుంటారు, నాడి చూడమని.

జనగామ పోయినప్పుడల్లా మా అక్క సరోజన ఒకటే మాట. "కొత్తగూడ అడివిల ఎట్ల ఉంటున్నవే నిర్మలా?" ఎట్లా ఉంటానక్కా, మొగుడు సూదులు వేస్తుంటే, నేను తండా పిల్లలకు ఎక్కాలు చెప్పుకుంటూ ఉంటాను. నువ్వు జనగామలో ఏం రాజ్యాలు ఏలుతున్నావు గనక!

జనవరి 23

పిల్లలు ఒక కొత్త ఆట కనిపెట్టారు. అడివాట అట.

అన్నం గంట కొట్టగానే బడి వెనక చేరి పంటలు వేసుకుంటారు. ముగ్గురు ముగ్గురు చేతులు కలిపి ఊపి, ఒక్కసారే బోర్లానో వెల్లకిలానో పెడతారు. వేరుగా పెట్టినవాడు పంట. ముందు పంటయినవాడు తనకు నచ్చిన వేషం కోరుకోవచ్చు. వేషాలేమిటో వింటే మొదట నవ్వొచ్చింది. పోలీసు, అడవిలో తిరిగే అన్న, అడవి కాపలా కాసే జంగ్లాత్ గార్డు, కూలోడు, డాక్టరు. కూలోడు బోరింగు దగ్గర్నుంచి కానుగ చెట్టు దాకా ఆకు మోసుకుపోవాలి. గార్డు ముట్టుకుంటే కూలోడు చచ్చినట్టు. అన్న ముట్టుకుంటే గార్డు చచ్చినట్టు. పోలీసు ఎవరిని ముట్టుకున్నా చచ్చినట్టే. డాక్టరు ముట్టుకుంటే మాత్రం చచ్చినవాడు లేచి మళ్లీ ఆడొచ్చు. కాని అది పోలీసు చూశాడా, డాక్టరు ఔట్. ముట్టుకోనన్నాడా, అన్న వచ్చి ఔట్ చేస్తాడు. గంట కొట్టేదాకా ఎవరు మిగిలితే వాళ్లు గెలిచినట్టు.

"ఏ వేషం మంచిదిరా?" అని అడిగాను.

"పోలీసే టీచర్. మనం అందర్ని ముట్టొచ్చు" అన్నాడు వాల్యా.

"ఏ, అన్న మంచిగుంటది. చెట్ల పొంటి దాక్కోవచ్చు" అన్నాడు టీక్యా.

"దాక్కుంటే బువ్వెవడు పెడ్తడు?" అన్నాడు జాల్యా. వాడికెప్పుడూ తిండి ధ్యాసే.

టీక్యా చెల్లెలు బుజ్జికి నాలుగేళ్లుంటాయేమో. అది ఆటలో అరటిపండు. ఎటైనా తిరుగుతుంది, ఎవరు ముట్టుకున్నా లెక్కలోకి రాదు. నన్నడిగితే అన్నిట్లోకీ అదే మంచి వేషం.

అందరికంటే ముందు పంటయింది తండాలో ఉండే రాంజీ కూతురు చాందీ. పోయి పోయి డాక్టరు కావాలంది. అందరూ వద్దనే వేషం నీకెందుకే అన్నాను.

"డాక్టర్ లేకుంటే ఆట జల్ది ఒడిసిపోతది టీచర్. అందరు సచ్చి కూసుంటరు. ఇగ నేనెవరితోని ఆడాలె?" అంది.

మూడో తరగతి పిల్ల! ఇంటికొచ్చి ఆయనకు చెప్తే పడీ పడీ నవ్వాడు. "నా సంచి గా పిల్లకిచ్చి నేను పండుకుంట" అన్నాడు.

ఫిబ్రవరి 3

వాగు అవతల పోలీసు క్యాంపు పడింది. డేరాలు, రెండు జీపులు. ఆయన్ని పిలిపించి, గాయంతో ఎవరొచ్చినా ముందు తమకు చెప్పాలన్నారట. సరే సార్ అని వచ్చాడు.

ఫిబ్రవరి 8

ఈరోజు అడవిలోంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. చాలా మర్యాదస్తులు. చెప్పులు బయటే విడిచి, నేనిచ్చిన చాయ తాగి, గాయాల సంగతి ఎవరికీ చెప్పొద్దన్నా అన్నారు. వీళ్లకూ సరే అన్నాడు మహానుభావుడు.

"ఇద్దరికీ సరే అంటే ఎట్ల కుదురుతదయ్యా? రెండు పడవల మీద కాళ్లు పెట్టినవ్" అన్నాను.

"సూది ఇద్దరికి ఒక్కటే గద నిర్మలా" అన్నాడు. తల బద్దలు కొట్టుకోవాలనిపించింది, నాదో ఆయనదో.

ఫిబ్రవరి 24

పొద్దున క్యాంపు జీపు వచ్చి ఆయన్ని తీసుకుపోయింది. పొద్దుగూకుతుండగా వదిలారు. గోడ పట్టుకొని నడిచాడు. వాగులో జారి పడ్డాడట. వాగులో పడితే అరికాళ్లు ఉబ్బుతాయా?

ఇటుక కాల్చి గుడ్డ చుట్టి కాపడం పెట్టాను. ఎవరికో కుట్లు వేశాడని ఎవరో చెప్పారట. నిజమేనా అని అడిగాను.

"కొడవలికి తెగింది అన్నడు. కుట్టిన."

"నిజంగ కొడవలేనా?"

"నేను గాయం జూస్త గని, అది యాడికెల్లి వచ్చిందో ఎందుకు జూస్త?"

ఏడ్చాను. ఆయన ముందే ఏడ్చాను. ఇట్లాంటి మనిషిని పెట్టుకొని ఎట్లా బతకాలి?

ఫిబ్రవరి 26

జనగామకు పోదామన్నాను. అక్కడా జ్వరాలొస్తాయి, అక్కడా సూదులు వెయ్యొచ్చు. ఆయన నెత్తి మీది మచ్చ తడుముకుంటూ కూర్చున్నాడు. అరవై తొమ్మిదిలో కాలేజీ పిల్లల ఊరేగింపులో పడ్డ లాఠీ దెబ్బ అది. మానుకోటలో ఒక ముసలి కాంపౌండర్ తన ఇంటి వంటింట్లో కూర్చోబెట్టి, దీపం దగ్గర పెట్టి కుట్లు వేశాడట. ఆ ఏడు చదువు పోయింది. ఈయన ఆ ముసలాయన దగ్గరే పనికి కుదిరాడు. చదువు సాగి ఉంటే నిజం డాక్టరే అయ్యేవాడు. అయి ఉంటే నన్నెందుకు చేసుకునేవాడు, అది వేరే సంగతి.

"గాయన గూడ భయపడి తలుపేస్తే నేను యాడ ఉంటుంటి?" అన్నాడు.

లేచి పొయ్యి దగ్గరకు పోయాను.

మార్చి 2

బాగా ఆలోచించాను. మనం అరటిపండు కావాలి. పోలీసు లెక్కలోకీ రావద్దు, అన్నల లెక్కలోకీ రావద్దు. జ్వరం, దగ్గు, కడుపునొప్పి, అంతే. ఆయన మాట వినడు కాబట్టి తలుపు దగ్గర నేనే ఉంటాను. తెలియని ముఖం వస్తే ఒకటే మాట.

మార్చి 6

చెప్పేశాను! ఎవరో ఒకతను, చేతికి గుడ్డ చుట్టుకొని వచ్చాడు. ఆయన లోపల అన్నం తింటున్నాడు. "డాక్టర్ ఇంట్ల లేడు" అన్నాను. సరేనమ్మా అని పోయాడు. ఎంత తేలిక! ఇన్నాళ్లూ ఈ తెలివి ఏమైంది నాకు?

చాందీ అరుగు మీద పలకలు తుడుస్తోంది. "టీచర్, సారు లోపట్నే ఉన్నడు గద?" అంది.

"నీకెందుకే పెద్దల ముచ్చట? ఏడో ఎక్కం అప్పజెప్పు" అన్నాను. అప్పజెప్పింది. తప్పులు లేవు.

మార్చి 21

ఇప్పపూలు రాలుతున్నాయి. చీకటితోనే తండా అంతా గంపలు పట్టుకొని అడవిలోకి పోతోంది. పిల్లలు బడికి ఆలస్యంగా వస్తున్నారు. చేతులు చూస్తే జిగురు, గదంతా ఇప్పపూల వాసన. తిట్టబోయి ఊరుకున్నాను. నాకూ ఆ వాసన ఇష్టమే.

రాంజీ ఇప్పనూనె తెచ్చాడు. ఆయన వద్దంటున్నా వినకుండా అరికాళ్లు ఒళ్లో పెట్టుకొని తానే రుద్దాడు. "గీ కాళ్లు నడ్వకుంటే మా తండ నడ్వది సారూ" అని పెద్దగా నవ్వాడు. ఆ మనిషి నవ్వితే చూరు అదురుతుంది. పోయేటప్పుడు నాతో, "టీచరమ్మా, మా చాందికి డాక్టర్ సదువు సదివియ్యాలె. ఇంకెన్నేండ్లు వడ్తది?" అన్నాడు. ముందు నాలుగో తరగతి పాసు కానివ్వు అన్నాను. దానికీ నవ్వాడు.

ఆయన కాళ్లు తగ్గాయి. రాంజీ చల్లగా ఉండాలి.

ఏప్రిల్ 2

పొద్దున్నే ఎవరో వచ్చారు. నలుగురు మనుషులు నులక మంచం మోసుకొచ్చి అరుగు ముందు దించారు. మంచం మీది మనిషికి ముఖం కనబడకుండా దుప్పటి కప్పారు. దుప్పటి తడిసి ఉంది. మోసుకొచ్చిన వాళ్లు మన తండావాళ్లు కాదు, ఎన్నడూ చూసిన ముఖాలు కావు. భుజాల మీద గొడ్డళ్లు. బతికున్న మనిషి ముఖం ఎందుకు కప్పుతారు? ఎవరో తెలియకూడదనే కదా.

తలుపు తీయలేదు. కిటికీ సందులోంచి, "డాక్టర్ ఇంట్ల లేడు, మానుకోట పోయిండు" అన్నాను. ఒకతను కిటికీ దగ్గరకు వచ్చి ఏదో చెప్పబోయాడు. ఆయాసపడుతున్నాడు, మాట సరిగ్గా తెలియలేదు. మళ్లీ అదే చెప్పాను. మంచం ఎత్తుకొని పోయారు.

ఆయన పెరట్లో స్నానం చేస్తున్నాడు. అంతకుముందే చాందీ వచ్చి ఆయనకు వేపపుల్ల ఇచ్చి, నాకు దోసెడు ఇప్పపూలు పోసి పోయింది. ఎవరొచ్చారని అడిగాడు. తోవన పోయేటోళ్లు, మంచినీళ్లు అడిగారన్నాను.

చిక్కుడుకాయ కూర చేశాను. బాగా కుదిరింది. ఇంకొంచెం పెట్టించుకున్నాడు.

అదే రోజు, సాయంత్రం

రాంజీ చచ్చిపోయాడు.

ఇప్పచెట్ల కింద గుడ్డెలుగు మీద పడిందట. అది కూడా ఆ పూలకే వస్తుంది. ముఖమంతా చీరేసింది. పూలేరడానికి వేరే తండా నుంచి వచ్చిన బావమరుదులు మంచమేసి మోసుకొచ్చారు. ఎలుగు చీరిన ముఖానికి ఎండా ఈగా తగలనియ్యరట వీళ్లు, పిల్లల కంట పడనియ్యరట. అందుకే దుప్పటి.

నర్సంపేట దవాఖానకు పోదామని రోడ్డు మీద బస్సు కోసం చూస్తుండగా పోయాడట.

వాళ్లు గుడ్డెలుగు అని చెప్పలేదు. చెప్పి ఉంటే తలుపు తీసేదాన్ని.

ఏప్రిల్ 3

ఆయన రాంజీ మట్టికి పోయి వచ్చాడు. కాళ్లు కడుక్కోలేదు. గడప మీద కూర్చున్నాడు.

"మంచినీళ్లు అడిగిన్రు అన్నవ్."

అంతే అన్నాడు. నేనే అరిచాను. ముఖం కప్పుకొని వస్తే నాకెట్లా తెలుస్తుందన్నాను. మళ్లీ నీ కాళ్లు వాయగొడితే ఇటుకలు కాల్చడం నావల్ల కాదన్నాను. నీ కోసమే చెప్పానన్నాను.

"తెల్సు" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా బాగుండేది. ఆ "తెల్సు" నన్ను కాల్చుకు తింటోంది.

"మరి వాళ్లతో ఏమన్నావు?" అని అడిగాను.

"అవ్, మానుకోట పోయిన అన్న" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన అబద్ధం ఆడగా నేను వినలేదు. నా కోసం రాంజీ శవం పక్కన నిలబడి ఆడాడు. తర్వాత, ఎవరితోనో చెప్తున్నట్టు, "రక్తం ఆగితే బతుకుతుండె. కుట్లు నేను ఏస్తుంటి" అన్నాడు.

లేచి, సంచిలోంచి కత్తి తీసి, వీధి తలుపు గడియ ఊడదీశాడు.

ఏప్రిల్ 4

వాళ్లు గుడ్డెలుగు అనలేదు.

ఏప్రిల్ 9

చాందీ బడికి రావడం లేదు. బియ్యం తీసుకొని తండాకు పోయాను. రాంజీ భార్య నాకు మంచం వాల్చింది, చెంబుతో నీళ్లిచ్చింది. నేను చెంబునే చూస్తూ కూర్చున్నాను.

"నువ్వేం జేస్తవ్ టీచరమ్మా, సారు ఊళ్ల లేకపాయె. మా నసీబు గంతే" అంది. నన్నే ఓదార్చింది!

చాందీ తల్లి వెనక గుంజ పట్టుకొని నిలబడింది. ఆ పొద్దున ఆయనకు వేపపుల్ల ఇచ్చింది అదే కదా. నా ముఖంలోకే చూసింది. తల్లికి చెప్పలేదన్నమాట. ఎందుకు చెప్పలేదు?

నీళ్లు తాగకుండానే చెంబు కింద పెట్టి వచ్చాను.

ఏప్రిల్ 19

ఎవరు పిలిచినా పోతున్నాడు. ఎవరు, ఎక్కడికి అని అడగడు. సంచి గడప పక్కనే ఉంటుంది. నాతో బాగానే ఉంటాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే చెప్తాడు, బడి సంగతులు అడుగుతాడు. కాని నవ్వడు.

తలుపుకు గడియ పెట్టిద్దామన్నాను. సంచిలో సూదులు సర్దుకున్నాడు.

ఏప్రిల్ 27

ఎండ మండిపోతున్న వేళ ఇద్దరు వచ్చారు. ఫిబ్రవరిలో వచ్చిన మర్యాదస్తులు కాదు, వేరేవాళ్లు. ఆయన చెప్పులు వేసుకున్నాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"ఎవరికి?"

"గాయమట."

"పోవద్దు. నీ కాళ్లు మొక్కుత. క్యాంపోళ్లు చూస్తే ఈసారి కాళ్లతో ఒడువది."

నా చెయ్యి మెల్లగా పక్కకు తీశాడు. "డాక్టర్ లేకుంటే ఆట జల్ది ఒడిసిపోతది" అన్నాడు. చాలా రోజులకు నవ్వాడు. "పొద్దుగూకే వరకు వస్త. చిక్కుడుకాయ వండు."

చిక్కుళ్ల కాలం అయిపోయిందని కూడా తెలియదు ఈయనకు. వంకాయ వండాను.

ఏప్రిల్ 28

రాలేదు.

ఏప్రిల్ 29

రాలేదు. గుట్టల దిక్కు తుపాకుల చప్పుడు వినబడిందని తండాలో అనుకుంటున్నారు. పెళ్లి బాంబులై ఉంటాయి. ఇది పెళ్లిళ్ల కాలమే.

మే 1

జీపు వచ్చింది. మామూలు బట్టల్లో ఉన్నాయన గుమ్మంలో నిలబడి, "డాక్టర్ ఏడున్నడు?" అన్నాడు.

"ఇంట్ల లేడు."

"గీ మాట అందరికి చెప్తవట గద!"

మందుల బీరువా బోర్లించారు. బియ్యం డబ్బా గుమ్మరించారు. పెరట్లో స్నానాల గది తడిక తీసి చూశారు. ఆయన ఎక్కడ ఉన్నాడో నాకే తెలిస్తే నేనే పోయి పట్టుకొచ్చేదాన్ని. నిజం చెప్తున్నా, లేడు, లేడు అని అరిచాను. ఒక్కడు నమ్మలేదు.

పోయాక గాజుపెంకులు ఊడ్చాను. టించరు సీసా ఒక్కటే పగల్లేదు. దాన్ని కడిగి, ఆయన సంచి ఉండే చోట పెట్టాను.

మే 14

అక్క వచ్చింది. జనగామకు వచ్చెయ్యమంది. ఆయన వచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉంటే ఎట్లా? పోనన్నాను. బొట్టు సంగతి ఏదో ఎత్తబోయింది. అక్కని కూడా చూడకుండా బస్సెక్కించాను.

మే 15

క్యాంపులో అడిగితే తమ దగ్గర లేడన్నారు. అన్నల దగ్గరికి పోయివచ్చే మనిషి ఒకరు దొరికితే వాళ్లనూ అడిగించాను. తమ దగ్గరా లేడన్నారట. ఎవరి లెక్కలోనూ లేడు. నేను కోరుకున్నది అదే కదా.

జూన్ 16

బడి తెరిచాం. చాందీ వచ్చింది. నాలుగో తరగతి. కొత్త పలక లేదు, రాంజీ కొన్న పాతదే. నూనె రాసి దువ్విన జడ. అందరితో పాటు "నమస్తే టీచర్" అంది. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. చిన్న పిల్ల, మరచిపోయి ఉంటుంది.

జూన్ 18

అన్నం గంట కొట్టాక వెనకకు పోయాను. పంటలు వేసుకుంటున్నారు. వాన పడి నేల మెత్తగా ఉంది. మొదట పంటయింది చాందీ.

"నువ్వు డాక్టరే గదనే" అన్నాడు వాల్యా.

"కాదు. నేను టీచరమ్మ."

"గది వేషమే గాదు."

"కొత్తది" అంది.

పోయి కానుగ చెట్టు ముందు రెండు చేతులూ చాపి, తలుపులా నిలబడింది. ఆట మొదలైంది. జాల్యాను గార్డు ముట్టుకున్నాడు. వాడు కుంటుకుంటూ చెట్టు దగ్గరకు పోయి, "డాక్టరు! డాక్టరు!" అని అరిచాడు.

"డాక్టర్ ఇంట్ల లేడు" అంది చాందీ.

నా గొంతే. నేను సాగదీసినట్టే "లేడు"ను సాగదీసింది. జాల్యా చచ్చి కూర్చున్నాడు. గార్డు వచ్చాడు, అన్న వచ్చాడు, ఒక్కొక్కరే వచ్చి అడిగారు. అందరికీ అదే మాట. చివరికి పోలీసు వేషం టీక్యా వచ్చి, "డాక్టర్ ఏడున్నడు?" అన్నాడు. వాడికీ అదే. డాక్టరు ఇంట్లో లేనప్పుడు టీచరమ్మను ఏమని పట్టుకోవాలో వాడికి తోచలేదు. బుర్ర గోక్కొని పక్కకు పోయాడు.

ఆట ఎప్పటికంటే తొందరగా అయిపోయింది. టీక్యా తప్ప అందరూ తడి నేల మీద చచ్చి కూర్చున్నారు. చెట్టు ముందు చాందీ ఒక్కతే నిలబడి ఉంది. గెలిచిన పిల్ల ముఖంలా లేదు.

"తొండి!" అని ఏడుపు మొదలుపెట్టాడు వాల్యా. "గిట్లయితే అందరం టీచరమ్మలమే అయితం. టీచర్, నువ్వే చెప్పు, గట్ల ఆడొచ్చునా?"

పిల్లలంతా నా వైపు తిరిగారు. చాందీ కూడా. చేతులు ఇంకా దించలేదు.

నేను పోయి గంట కొట్టాను. ఇంకా టైము కాలేదు.

అదే రోజు

ఈ పుస్తకం ఎవరూ చదవరు. అయినా ఇందులో కూడా అబద్ధమే రాశాను.

రాంజీని మంచం మీద మోసుకొచ్చిన ఆ మనిషి కిటికీ దగ్గరకు వచ్చి, "గుడ్డెలుగు వడ్డదక్కా, జర తలుపు తియ్యి" అన్నాడు. విన్నాను. నీళ్ల చప్పుడు పెరట్లోంచి వినబడుతూనే ఉంది. తలుపు తీస్తే నా మొదటి మాట అబద్ధమని తెలిసిపోతుంది. సిగ్గేసింది.

విన్న తర్వాతే రెండోసారి లేడని చెప్పాను.